మత్తుసూదియు జీవకణమును



పంటి చికిత్సకో, కురుపు కోతకో పోయినప్పుడు వైద్యుడు ముందుగా మత్తుసూది వేయును. రోగికి స్పృహ తప్పదు; సూది వేసిన తావు మాత్రము మొద్దుబాఱును. ఇట్టి మందులే ప్రయోగశాలలో మానవ జీవకణములను చంపినవని విన్నవారు భయపడుట సహజము. కాని మా ఏటూరునాగారమువంటి అడవిసీమలో ఆసుపత్రికి పోవుటయే ప్రయాస. దానిపై నీ భయమును చేరినచో చిన్న పుండు పెద్దదగును. కావున నిజమెంతయో విచారింతము.

నొప్పి యను వార్త నరముగుండ మెదడునకు పోవును. నరమునకు సూక్ష్మద్వారములు గలవు. వానిగుండ సోడియము అయానులు లోనికి దూకినగాని వార్త సాగదు. మత్తుమం దా ద్వారములను మూయును. 1884వ సంవత్సరమున కార్ల్ కొల్లర్ వియన్నాలో కొకెయినుతో కంటి కిట్టి మొద్దుదనము కల్పించెను. 1943లో స్వీడను దేశమున లిడొకెయినును, 1957లో బ్యూపివకెయినును సిద్ధమయ్యెను.

కీళ్లలోని మృదులాస్థి కణములను గాజుపాత్రలో పెంచి, వానిపై నీ మందులు పోసి శాస్త్రజ్ఞులు పరీక్షించిరి. మందు గాఢమైనకొలదియు, తాకియున్న కాలము పెరిగినకొలదియు నెక్కువ కణములు చచ్చెను. కణమునకు శక్తి నొసగు మైటోకాండ్రియా చెడుట యందొక కారణము.

ఇది పాత్రలోని మాట. దేహమున రక్తము ప్రవహించుచు మందును పలుచన చేసి కొనిపోవును. చిగురునందు రక్తము మెండు. కొన్ని గడియలలో మత్తు విడిపోవుట కదియే హేతువు. మృదులాస్థికి రక్తనాళములు లేవు. కావున కీలు గాజుపాత్రను పోలియుండును. భుజపు శస్త్రచికిత్స పిమ్మట 48 మొదలు 72 గంటలవఱకు కీలులోనికి మందు నెడతెగక ఎక్కించిన కొందఱికి మృదులాస్థి నశించెను. 2009లో అమెరికా ఔషధాధికారు లీ పద్ధతినిగూర్చి హెచ్చరిక చేసిరి.

ప్రయోగస్థితి రోగిస్థితికి సరిపోవునా యను ప్రశ్న మనకు క్రొత్తది కాదు. 1889లో హైదరాబాదున నిజాముగారి ధనసహాయముతో క్లోరోఫారము పరిశోధనసంఘము జంతువులపై పరీక్షలు జరిపెను. శ్వాసను కనిపెట్టిన చాలును, గుండెకు భయము లేదని వైద్యుడు ఎడ్వర్డ్ లారీ వాదించెను. తేలికపాటి మత్తులోనే గుండె హఠాత్తుగా నాగవచ్చునని 1911లో లెవీ నిరూపించెను. అచ్చట ప్రయోగ మనవసర ధైర్య మిచ్చెను. ఇచ్చట అనవసర భయ మీయరాదు.

కావున చిన్న చికిత్సకు మత్తుసూదిని నిరాకరింపకుడు. గుండెజబ్బున్నను, మునుపు మందు పడకున్నను వైద్యునకు ముందే చెప్పుడు. మోతాదు దేహపు బరువునుబట్టి యుండును. సూది పిమ్మట చెవులు హోరెత్తినను, పెదవుల చుట్టు తిమ్మిరెక్కినను వెంటనే తెలుపుడు. కీలులో గొట్టము నిలిపి దినములకొలది మందెక్కింతు మన్నచో, ఏల యని యడుగుట రోగి హక్కు.