పందొమ్మిదేళ్ళ సిపాయి – ఎనభై ఏళ్ళ మౌనం

పదహారేళ్ళ వీరుడనగానే మన మనస్సులో స్ఫురించే మూర్తి అభిమన్యుడు. పద్మవ్యూహంలోనికి చొచ్చుకొనిపోవడమే గాని వెలువడి రావడం ఎరుగని ఆ బాలుని కథను ద్రోణపర్వంలో తిక్కన సోమయాజి తెలుగు చేశాడు. ఆ ఘట్టం బోధించినప్పుడెల్లా నాకొక సందేహం కలుగుతూ ఉంటుంది. ఆ పిల్లవాడు ఏ దైవికంగానో బ్రతికి బయటపడి, ఉత్తరతో కాపురం చేసి, ముదుసలి అయి ఉంటే, రాత్రివేళ అతనికి నిద్ర పట్టేదా? కవికి ఆ ప్రశ్నతో పని లేదు. మరణించిన వీరునికి కీర్తి ఉన్నది, శోకరసం ఉన్నది, కథకు అంతవరకే కావాలి. కాని నిజమైన యుద్ధాలలో వ్యూహం నుండి వెలువడి వచ్చిన కుర్రవాళ్ళు లక్షల సంఖ్యలో ఉన్నారు. వారిలో ఒకని కథ ఇది.

హారీ ప్యాచ్ 1898 జూన్ 17న ఇంగ్లండులోని సోమర్సెట్ మండలంలో, కూమ్ డౌన్ అనే గ్రామంలో జన్మించాడు. బడి చదువు ముగించి బాత్ పట్టణంలో ప్లంబరు పని నేర్చుకోవడానికి కుదిరాడు. 1914లో మహాయుద్ధం వచ్చింది. ఊరూరా బాజాలు మ్రోగుతూ ఉంటే ఉత్సాహంతో పేరు వ్రాయించుకొన్నవారిలో ఇతడు లేడు. సైన్యంలో ఉన్న అన్నగారు గాయపడి ఇంటికి వచ్చి, కందకాలలో బ్రతుకు ఎట్లుంటుందో చెప్పి ఉన్నాడు. అది విన్నవానికి ఇక బాజాలు చెవికెక్కుతాయా? అయితే 1916లో నిర్బంధ సైనిక శాసనం వచ్చింది. ఆ సంవత్సరం అక్టోబరులో, పద్దెనిమిది దాటిన కొద్ది నెలలకు, పిలుపు రానే వచ్చింది. మన కళాశాలలలో ఇంటర్మీడియట్ ముగించుకొనే కుర్రవాని వయస్సు అది.

1917 జూన్‌లో, పందొమ్మిదవ పుట్టినరోజు నాటికి, అతడు ఫ్రాన్సు చేరుకొన్నాడు. కారన్వాల్ ప్రభువు పేరిట గల కాలిబంట్ల దళంలో లూయిస్ మరతుపాకి నడిపే ఐదుగురి జట్టులో అతనిది రెండవ స్థానం. ఒకడు తుపాకి పేలుస్తాడు. రెండవవాడు విడిభాగాలు మోస్తూ, తూటాల చక్రం ఖాళీ కాగానే మరొకటి అమరుస్తాడు. తక్కిన ముగ్గురూ గుండ్లు మోసేవారు. తిండి అయినా, ఇంటి నుండి వచ్చిన పొట్లమైనా ఐదు భాగాలు కావలసిందే. ఈ జట్టు తమలో తాము ఒక నియమం పెట్టుకొన్నది: తప్పనిసరి అయితే తప్ప ప్రాణం తీయరాదు, కాళ్ళకు గురిపెట్టాలి. యుద్ధరంగంలో ఇట్టి ఒడంబడిక చేసుకొన్నవారిని పిరికివాళ్ళు అనేవారు ఉంటారు. అననిండు.

బెల్జియంలో ఈప్ర్ పట్టణం దగ్గర 1917 జూలై 31న ఆరంభమై నవంబరు దాకా సాగిన పోరాటానికి పాషెండేల్ అని వాడుక. ఎడతెగని వానలకు, ఫిరంగుల దెబ్బలకు ఆ పల్లపు నేల అంతా ఊబి అయిపోయింది. ఆ యుద్ధంలో భాగంగా ఆగస్టు 16న లాంగెమార్క్ మీద దాడి జరిగింది. ముందుకు సాగుతూ ఉండగా దారిలో ఒక ఆంగ్ల సైనికుడు భుజం నుండి నడుము దాకా చీలిపోయి రక్తపు మడుగులో పడి ఉన్నాడు. తనను కాల్చి చంపమని వీరిని వేడుకొన్నాడు. వీరు ఏమీ చేయకముందే ప్రాణం పోయింది. పోతూ పోతూ అతడు పలికిన మాట ఒక్కటే: అమ్మా! అది భయంతో పెట్టిన కేక కాదనీ, ఎవరినో చూచి సంతోషంతో పిలిచిన పిలుపనీ ప్యాచ్ ముసలితనంలో చెప్పేవాడు. అదే నాడు ఒక జర్మను సైనికుడు బాయొనెట్టుతో తమ మీదికి దూసుకొని వచ్చాడు. ప్యాచ్ రివాల్వరుతో మొదట అతని భుజాన కొట్టాడు. తుపాకి జారిపోయినా అతడు ఆగలేదు. చంపడమా మానడమా నిర్ణయించుకోవడానికి ఉన్న వ్యవధి కొన్ని క్షణాలు. చీలమండ పైన ఒకటి, మోకాలి పైన ఒకటి కాల్చి పడగొట్టి, ప్రాణంతో విడిచిపెట్టాడు.

సెప్టెంబరు 22వ తేదీ రాత్రి, జట్టు ముందు వరుస నుండి వెనుకకు మళ్ళి వస్తూ ఉండగా, ఒక ఫిరంగి గుండు తలలపైన ప్రేలింది. గుండ్లు మోసే ముగ్గురూ అక్కడికక్కడే పోయారు; వారి శరీరాలు సైతం దొరకలేదు. ప్యాచ్ పొత్తికడుపులో ఇనుప ముక్క దిగింది. చికిత్సా శిబిరంలో మత్తుమందు అయిపోయింది. నలుగురు గట్టిగా పట్టుకొంటే, వైద్యుడు రెండు నిమిషాలలో ఆ ముక్క కోసి తీశాడు. జ్ఞాపకార్థం దాచుకొంటావా అని అడిగితే వద్దన్నాడట.

శరీరం మానింది. 1918 నవంబరులో సంధి కుదిరే నాటికి అతడింకా వైట్ ద్వీపంలో కోలుకొంటూనే ఉన్నాడు. 1919లో వివాహమయింది, ఇద్దరు కొడుకులు పుట్టారు. బ్రిస్టల్ విశ్వవిద్యాలయంలోని విల్స్ స్మారక సౌధానికి గొట్టాలు బిగించిన పనివారిలో అతడొకడు. రెండవ ప్రపంచయుద్ధంలో బాత్ నగరం మీద బాంబులు పడినప్పుడు అగ్నిమాపక దళంలో పనిచేశాడు. చూచేవారికి అది నిండు జీవితమే. కాని యుద్ధంలో తాను చూచినదానిని గురించి ఎవరితోనూ నోరు మెదపలేదు. యాభై ఏడేళ్ళు కాపురం చేసిన భార్యతో సైతం చెప్పలేదు. యుద్ధ చలనచిత్రాలు చూడడు; పాత సైనికుల కూటములకు పోడు.

ఈ మౌనం గురించి ఆ రోజులలోనే ఆలోచించినవాడు ఒకడున్నాడు: డాక్టర్ రివర్స్. మన నీలగిరులలో తోడా జాతివారి నడుమ ఉండి, వారి ఆచారాలను పరిశీలించి 1906లో గ్రంథం ప్రకటించిన పండితుడే ఈయన. యుద్ధకాలంలో ఎడింబరో దగ్గరి క్రెయిగ్‌లాక్హార్ట్ ఆసుపత్రిలో, మనస్సు చెదరిన సైనికాధికారులకు చికిత్స చేశాడు. మరచిపొమ్మని చెప్పడమే అప్పటి వైద్యం. లోపల అణచిన కొద్దీ ఆ జ్ఞాపకాలు పీడకలలై తిరిగి వస్తాయని రివర్స్ 1917లోనే వాదించాడు. అయితే ఆ ఆసుపత్రి అధికారులకే గాని సామాన్య సిపాయిలకు కాదు. ప్లంబరు పిల్లవానికి రివర్స్ వంటివాడు ఎక్కడ దొరుకుతాడు? బెదరి పారిపోయిన సిపాయికి దొరికింది తరచు సైనిక న్యాయస్థానం. అట్లు కాల్చివేయబడిన బ్రిటిష్ పక్షపు సైనికులు మూడు వందల పైచిలుకు. 2006లో గాని ప్రభుత్వం వారిని క్షమించలేదు. ఈ వ్యాధికి ఈనాటి శాస్త్రీయ నామం వైద్యుల పట్టికలోనికి ఎక్కినది 1980లో. అప్పటికి ప్యాచ్‌కు ఎనభై రెండేళ్ళు.

వృద్ధాశ్రమంలో అతని గదికి ఎదురుగా బట్టలు దాచే అర ఒకటి ఉండేది. రాత్రివేళ దాసి ఎవరైనా వచ్చి అక్కడ దీపం వేస్తే, సగం నిద్రలో ఉన్న ముదుసలికి ఆ వెలుగు ఫిరంగి గుండు ప్రేలిన మెరుపుగా తోచేది. కందకం విడిచి ఎనభై ఏళ్ళయినది గదా! 1998లో నూరేళ్ళు నిండినవేళ బి.బి.సి. వారు వచ్చి అడిగితే మొదటిసారిగా నోరు విప్పాడు. ఆ తర్వాత పాఠశాలల పిల్లలకూ, ప్రధానమంత్రులకూ ఒకే మాట చెప్పాడు: యుద్ధమంటే కూడబలుక్కొని చేసే హత్య అని. నవంబరు 11న దేశమంతా జరిపే స్మారక దినం అతనికి వట్టి వేడుక. అతని లెక్కలో స్మరించవలసిన దినం సెప్టెంబరు 22. ఆనాడు ఎవరితోనూ మాట్లాడేవాడు కాదు.

2004లో అతడు బెల్జియం పోయి షార్ల్ కుంట్స్ అనే వృద్ధుని కలుసుకొన్నాడు. అదే పాషెండేల్‌లో ఎదుటి పక్షాన, జర్మను సైన్యంలో పోరాడినవాడు. వయస్సు నూట ఏడు. చూడాలా వద్దా అని ప్యాచ్ ముందు చాలా తటపటాయించాడు. చివరకు ఇద్దరూ చేతులు కలిపారు. తమ సీమలో చేసిన ఆపిల్ మద్యం సీసా ఒకటి ఇతడు ఇచ్చాడు, అల్సేసు బిస్కత్తుల పెట్టె ఒకటి అతడు ఇచ్చాడు. ఒకరి భాష ఒకరికి రాదు.

కందకాలలో పోరాడిన బ్రిటిష్ సైనికులలో ఆఖరివాడుగా ప్యాచ్ 2009 జూలై 25న నూట పదకొండేళ్ళ వయస్సులో కన్నుమూశాడు. ఆగస్టు 6న వెల్స్ దేవాలయంలో అంత్యక్రియలు జరిగినప్పుడు బెల్జియం, ఫ్రాన్సు, జర్మనీ సైనికులు కూడా శవపేటిక ప్రక్కన నడిచారు. అతని కోరిక మేరకు వారిలో ఎవరి చేతిలోనూ ఆయుధం లేదు. లాంఛనపు కత్తులను సైతం రానీయలేదు.