బొమ్మ ఆగితే ఈల వేస్తాం... సర్వర్ ఆగితే?

శుక్రవారం అంటే మనకేమిటి? కొత్త బొమ్మ! వరంగల్, హన్మకొండ, కాజీపేట... మూడు చోట్లా కుర్రకారుకి గురువారం రాత్రి సరిగ్గా నిద్ర పట్టదు. 2024 జూలై 19 కూడా అలాంటి శుక్రవారమే. ప్రియదర్శి, నభా నటేష్ నటించిన ‘డార్లింగ్’ ఆ రోజే విడుదలైంది. ‘కల్కి 2898 ఏ.డి.’ నాలుగో వారంలో నడుస్తోంది.

అయితే ఆ రోజు ప్రపంచమంతా ఒకేసారి చూసిన బొమ్మ వేరే ఉంది. దాని రంగు నీలం. కథ లేదు, పాటల్లేవు, హీరోయిన్ అసలే లేదు. కంప్యూటర్ తెర మీద నీలం రంగు, దాని మీద నాలుగు ముక్కలు. అంతే సినిమా!

విలన్ ఎవరో కాదు, కాపలావాడే!

క్రౌడ్‌స్ట్రయిక్ అనే అమెరికా కంపెనీ ఉంది. కంప్యూటర్లలోకి దొంగలు రాకుండా కాపలా కాయడం దాని పని. ఆ శుక్రవారం మన టైము ప్రకారం ఉదయం 9 గంటల 39 నిమిషాలకు విండోస్ మిషన్లకు ఒక చిన్న అప్‌డేట్ పంపింది. అందులో తప్పుంది. 78 నిమిషాల్లో వెనక్కి తీసుకున్నారు గానీ, ఈలోపే సుమారు 85 లక్షల మిషన్లు కూలబడ్డాయని మైక్రోసాఫ్ట్ లెక్క కట్టింది.

ఏమిటా తప్పు? మన భాషలో చెబుతాను. హాల్లో వరసకు ఇరవై కుర్చీలే ఉన్నాయి. టికెట్ మీద మాత్రం 21వ నంబరు అచ్చయింది. మన గేటు దగ్గర మనిషైతే “ఈ నంబరు లేదు బాబూ” అని ఆపేస్తాడు. అక్కడ ఆపేవాడు లేడు. ప్రోగ్రాము లేని కుర్చీ కోసం వెతుక్కుంటూ పోయి గోడ దాటేసింది! అది కంప్యూటర్ గుండెకాయలో నడిచే ప్రోగ్రాము కావడంతో మొత్తం మిషనే ఆగిపోయింది.

ఇంగ్లండులో స్కై న్యూస్ ఛానెల్ ఆ పొద్దున కొన్ని గంటలు ప్రసారం చేయలేకపోయింది. అమెరికాలో వేల విమానాలు రద్దయ్యాయి. ఇంత దూరం ఎందుకు... మన వరంగల్ వాళ్లు విమానం ఎక్కాలంటే వెళ్లే శంషాబాద్‌లోనే ప్రయాణికులకు బోర్డింగ్ పాసులు పెన్నుతో రాసిచ్చారు! నవ్వొస్తుంది గానీ, కొన్ని దేశాల్లో ఆసుపత్రుల పనులూ ఆగాయి. అక్కడ నవ్వడానికేం లేదు.

మన హాల్లో జరిగితే?

రీళ్ల రోజులు నాకు బాగా గుర్తు. ఫిల్మ్ బాక్సు వచ్చిందంటే సినిమా వచ్చినట్టే. నిమిషానికి తొంభై అడుగుల ఫిల్ము పరుగెత్తేది. రెండున్నర గంటల సినిమాకు పద్నాలుగో పదిహేనో రీళ్లు. మధ్యలో తెగిందా... నేల క్లాసులో ఈలలే ఈలలు! ఆపరేటర్ అన్న కొసలు గీకి, సిమెంటు రాసి అతికించేవాడు. ఒకటి రెండు ఫ్రేములు పోయేవి, మళ్లీ బొమ్మ పడేది.

ఇప్పుడు రీలు లేదు. చాలా హాళ్లలో సినిమా పెద్ద ఫైలుగా సర్వర్‌లో కూర్చుంటుంది. దాన్ని తెరవడానికి కె.డి.ఎం. అనే డిజిటల్ తాళంచెవి విడిగా వస్తుంది. ఆ చెవి ఆ ఒక్క మిషన్‌కే, చెప్పిన తేదీల్లోనే పనిచేస్తుంది.

సరే, ఒక సీను ఊహించుకుందాం. ఏదో ఒక హాలు. గురువారం సెకండ్ షో అయ్యాక సర్వర్‌కు కొత్త సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తున్నారు. సగంలో కరెంటు పోయింది. మళ్లీ ఆన్ చేస్తే కంపెనీ గుర్తు వస్తుంది, ఆగుతుంది, మళ్లీ మొదటికొస్తుంది. తెల్లారితే పదకొండు గంటల ఆట. టికెట్లన్నీ అమ్ముడయ్యాయి. ఏం చేయాలి?

మొదట చేయాల్సింది... కంగారు పడకపోవడం! మాటిమాటికీ స్విచ్ నొక్కకూడదు. ఆ శుక్రవారం కొన్ని మిషన్లను పదిహేనుసార్ల దాకా రీస్టార్ట్ చేస్తే లేవవచ్చని మైక్రోసాఫ్ట్ చెప్పిన మాట నిజమే. అది ఆ జబ్బుకు మందు, అన్ని జబ్బులకూ కాదు. తెర మీద ఏం వచ్చిందో ఫోటో తీసుకోవాలి. చివరగా మార్చింది ఏమిటని అడగాలి. నూటికి తొంభైసార్లు దొంగ అక్కడే దాక్కుంటాడని నా అనుభవం.

తర్వాత మిషన్‌ను అతి తక్కువ ప్రోగ్రాములతో లేపాలి. దాన్నే సేఫ్ మోడ్ అంటారు. అలా లేవకపోతే పెన్‌డ్రైవ్‌లో దాచిన పాత సాఫ్ట్‌వేర్‌తో లేపాలి. చెడిన దాన్ని తీసేసి పాతదాన్ని నిలబెట్టాలి. క్రౌడ్‌స్ట్రయిక్ సంగతిలోనూ మందు ఇదే. సేఫ్ మోడ్‌లోకి వెళ్లి, ఆ పాడు ఫైలు తీసేసి, రీస్టార్ట్ చేయడం. చెబితే ఒక్క వాక్యం. కానీ లేవని మిషన్‌ను దూరం నుంచి పలకరించలేం కదా! చాలాచోట్ల మనుషులే ఒక్కో మిషన్ దగ్గరికి నడిచి వెళ్లారు. కొందరికి రోజులు పట్టింది.

“కొత్త సర్వర్ పెట్టేస్తే పోలా?” అంటారా? అక్కడే ఉంది ట్విస్టు! తాళంచెవి పాత మిషన్ పేరున ఉంది. మిషన్ మారిస్తే కొత్త చెవి తెప్పించుకోవాలి. 2024లోనూ ఇదే తంటా. ఎన్నో కంప్యూటర్ల డిస్కులకు తాళాలున్నాయి. వాటి చెవుల జాబితా కొన్నిచోట్ల పడిపోయిన సర్వర్‌లోనే ఉంది! బీరువా తాళంచెవి బీరువాలోనే పెట్టి తాళం వేసినట్టు.

సర్వర్ లేచింది కదా అని గేట్లు తీయకూడదు. బొమ్మ, సౌండు, చెవి తేదీ... అన్నీ ఒక రీలంత సేపు ఖాళీ హాల్లో చూసుకోవాలి. అప్పుడే జనాన్ని పిలవాలి.

అసలు హీరో ఎవరు?

నన్నడిగితే, పడిపోయాక పరుగెత్తేవాడు సగం హీరోయే. పడకముందే పాత కాపీ వేరేచోట దాచినవాడు, చెవులు కాగితం మీద రాసి బీరువా బయట పెట్టినవాడు, కొత్తదాన్ని ముందు ఒక్క మిషన్ మీద చూసి తర్వాత మిగతావాటికి ఎక్కించేవాడు... అతను పూర్తి హీరో. క్రౌడ్‌స్ట్రయిక్ కూడా ఆ దెబ్బ తర్వాత అప్‌డేట్లను అంచెలంచెలుగా పంపుతామని ప్రకటించింది. శుక్రవారం ముందు రోజు సాఫ్ట్‌వేర్ ముట్టుకోవద్దన్న సూత్రం మన హాళ్లకు ఇంకా ముఖ్యం!

1959లో ఆర్.ఈ.సి.గా మొదలై 2002లో ఎన్.ఐ.టి. అయిన మన వరంగల్ కాలేజీలోనూ, చుట్టుపక్కల కాలేజీల్లోనూ చదివి ఇలాంటి సర్వర్ల దగ్గర ఉద్యోగాలకు వెళ్లేవాళ్లు ఈ పేజీ చదివేవాళ్లలో ఎందరో ఉంటారు. తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఆ పనికి పోస్టరు పడదు, కటౌటు లేవదు. అంతా సవ్యంగా నడిచిన రోజు మీ పేరు ఎవరికీ గుర్తురాదు. అదే మీ హిట్టు!

ఇక మనలాంటి ప్రేక్షకుల సంగతి. తెర చీకటైతే ఈల వేయండి, తప్పులేదు. బొమ్మ తిరిగి పడ్డాక మాత్రం ఒక్కసారి వెనక్కి తిరిగి, ఆ చిన్న కిటికీ వైపు చప్పట్లు కొట్టండి. ఏమంటారు?