డచ్చి సమాసములందు అక్షరవిభాగము - ఊనిక

17వ శతాబ్దమున మచిలీపట్నమున వర్తకస్థానము నెలకొల్పిన డచ్చివారి పత్రములు ఆంధ్రచరిత్రకు ఆధారములని పరిశోధకు లెఱుఁగుదురు. ఆ భాషను నేర్వఁగోరువారికి ఎదురగు చిక్కులలో సమాస మొకటి. నేటి డచ్చిలో సమాసమును సాధారణముగా ఒకే పదముగాఁ గలిపి వ్రాయుదురు. పూర్వపద మెచట ముగియునో లిపి తెలుపదు. ఆ యెల్లను ఉచ్చారణ మెట్లు తెలుపునో యిచట వివరింతుము.

పదాదిని ఉచ్చరింపఁదగిన హల్లులు తమ తరువాతి అచ్చును చేరుట ఆ భాషలో సామాన్యవిధి. ఈ విధి యొక్కటియే ప్రమాణమైనచో ‘క్వర్ట్‌స్లాగెన్’ అనుదానిని ‘క్వర్ట్-స్లా-గెన్’ అనియే విడదీయవలెను. అపుడు ‘పావు మలుపులు’ అని యర్థము. కాని ‘క్వర్ట్స్-లా-గెన్’ అని విడదీసినచో ‘స్ఫటికశిల పొరలు’ అని యర్థమగును. రెంటను ఊనిక మొదటి యక్షరముననే యుండును. భేదము విభాగమువలననే కలుగుచున్నది. మన ఆలంకారికులు చెప్పిన సభంగశ్లేషకు ఇది చక్కని యుదాహరణము.

దీనికి మఱియొక నిదర్శనము కలదు. డచ్చిలో పదాంతసరళము పరుషమగును. ‘ఆవొండ్’ (సాయంకాలము) అని వ్రాసి ‘ఆవొంట్’ అని పలుకుదురు. బహువచనమున ‘ఆ-వొన్-డెన్’ అని డకారము నిలుచును. అది తరువాతి అచ్చును చేరుటయే కారణము. కాని ‘ఏటెన్’ (భోజనము) అనుదానితో సమసించినపుడు, అచ్చు పరమైనను, ‘ఆ-వొంట్-ఏ-టెన్’ అని టకారమే వినఁబడును. అనఁగా పూర్వపదము సమాసమందును పదాంతధర్మమును విడువదు. సంస్కృతమున దీనికి విపరీతము: వాక్ + ఈశుఁడు = వాగీశుఁడు. ఇచట పరుషము సరళమై, పరాచ్చుతోఁ గలిసి, పదముల యెల్ల చెఱిగిపోవుచున్నది.

ఇఁక ఊనిక. నామసమాసములందు ప్రధానమైన ఊనిక ప్రాయికముగా పూర్వపదమున నుండును. ఉత్తరపదమున కొంత తక్కువ ఊనిక మిగులును. ‘టాఫెల్’ (బల్ల), ‘లాకెన్’ (వస్త్రము) సమసించిన ‘టాఫెల్‌లాకెన్’లో ‘టా’ ప్రధానము. ‘బుర్గెమేస్టెర్’ (నగరాధ్యక్షుఁడు) వంటి కొన్నిట ఊనిక ఉత్తరపదమునకుఁ జేరును. క్రియలందు ఊనిక అర్థమునే మార్చును. ‘వోర్‌కోమెన్’ అనుదాన ‘వోర్’ ఊనినచో ‘సంభవించు’, ‘కో’ ఊనినచో ‘నివారించు’. మొదటిదానిలో ‘వోర్’ వాక్యమందు విడివడి చివరకుఁ బోఁగలదు, రెండవదానిలో విడివడదు.

కావున డచ్చి సమాసమున ధ్వనులక్రమము మాత్రమే అక్షరమును నిర్ణయింపఁజాలదు. పదనిర్మాణము తెలిసిననే అక్షరవిభాగము తెలియును. అక్షరమును కేవలము ధ్వనివిషయముగా నెంచు పరిశోధకు లీ యంశమును గమనింపవలెను.