సముద్రగర్భ విహారం.. మహిళలకు నప్పని పరికరాలు

విశాఖపట్నం: సాగరగర్భాన్ని చూడాలన్న కుతూహలానికి స్త్రీ, పురుష భేదం లేదు. అక్కడికి చేర్చే పరికరాలలో మాత్రం ఆ భేదం కొట్టొచ్చినట్లు కనిపిస్తుంది. రుషికొండ తీరంలో గానీ, అండమాన్‌లోని స్వరాజ్ ద్వీపంలో గానీ, కర్ణాటకలోని నేత్రాణి దీవి వద్ద గానీ స్కూబా డైవింగ్‌కు దిగిన మహిళ ఊపిరి సలపక, జాకెట్ గడ్డం దాకా ఎగదన్నుకు వచ్చి, భయంతో వెంటనే పైకి చేరితే తనకు ధైర్యం చాలలేదనే అనుకుంటుంది. అనేక సందర్భాలలో లోపం ఆమెది కాదు, ఆమెకు తొడిగిన సామగ్రిది.

నీటి అడుగున స్వేచ్ఛగా శ్వాసించేందుకు వీలు కల్పించిన ఆక్వాలంగ్‌ను 1943లో ఫ్రాన్స్‌లో నౌకాదళ అధికారి జాక్ కూస్తో, ఇంజినీరు ఎమీల్ గాన్యాన్ రూపొందించారు. తొలినాళ్లలో దానిని వాడినవారిలో అత్యధికులు పురుషులే. సహజంగానే జాకెట్లు, సూట్లు, రెక్కలు వారి కొలతలతోనే తయారయ్యాయి. మహిళల కోసమంటూ విక్రయించినవి సైతం చాలాకాలం అదే నమూనాను కుదించి, రంగు మార్చినవే.

అలాగని మునక స్త్రీలకు కొత్త విద్య కాదు. దక్షిణ కొరియాలోని జేజు ద్వీపంలో హెన్యోలనే మహిళలు సిలిండరు లేకుండానే 10 మీటర్ల లోతు వరకు దిగి సముద్రపు నత్తలను, నాచును సేకరిస్తారు. వారి సంస్కృతికి 2016లో యునెస్కో వారసత్వ గుర్తింపు లభించింది. 1970వ దశకంలో నూలు దుస్తుల స్థానే రబ్బరు సూట్లు వచ్చిన తర్వాత వారు నీటిలో గడపగలిగే సమయం గణనీయంగా పెరిగింది. సరైన దుస్తులు పనిని ఎంతగా మార్చగలవో చెప్పడానికి ఇదొక్కటి చాలు.

శరీర బరువులో సగం మోత

డైవింగ్ కేంద్రాలలో సాధారణంగా కనిపించేది 11 లీటర్ల అల్యూమినియం సిలిండరు. ఖాళీదే 14 కిలోలు తూగుతుంది. గాలి నింపితే మరో రెండున్నర కిలోలు అదనం. దానికి జాకెట్, రెగ్యులేటర్, నడుముకు కట్టే సీసపు దిమ్మెలు తోడైతే మోత పాతిక కిలోలకు చేరుతుంది. 50 కిలోల బరువున్న యువతికి అది తన బరువులో సగం. పైగా ఆ సిలిండరు ఎత్తు సుమారు 66 సెంటీమీటర్లు. పొట్టివారికి కింది అంచు పిరుదులను, పై భాగం తల వెనుకను తాకుతుంది. తలెత్తి పైకి చూడటమే కష్టమవుతుంది.

దీనికి పరిష్కారం లేకపోలేదు. చిన్న శరీరానికి ఊపిరితిత్తులూ చిన్నవే గనుక గాలి వినియోగం సాధారణంగా తక్కువ. 12 కిలోల బరువుండే 9 లీటర్ల పొట్టి సిలిండరుతోనే వారు ఇతరులతో సమానంగా నీటిలో ఉండగలరు. శరీరంలో కొవ్వు శాతం ఎక్కువ కావడంతో మహిళలు తేలికగా తేలుతారు, మునగడానికి సీసం కావాలి. అల్యూమినియానికి బదులు ఉక్కు సిలిండరు వాడితే ఆ సీసాన్ని కొంత తగ్గించుకోవచ్చు.

జాకెట్ విషయం మరింత కీలకం. వీపు పొడవుకు మించిన జాకెట్‌లో గాలి నింపితే అది చెవుల దాకా లేచి, సిలిండరు అటూ ఇటూ ఊగుతుంది. మహిళలకు ప్రత్యేకించిన వాటిలో వీపు భాగం పొట్టిగా, భుజాల పట్టీలు ఛాతీ పక్కగా వంపు తిరిగి ఉంటాయి. ఛాతీ పట్టీని పైకీ కిందికీ జరుపుకోవచ్చు. అంతరిక్షంలోనూ ఇదే సమస్య తలెత్తింది. 2019 మార్చిలో ఇద్దరు మహిళా వ్యోమగాములు కలిసి చేయవలసిన నడకను మీడియం సైజు సూటు ఒక్కటే సిద్ధంగా ఉన్నందున నాసా మార్చవలసి వచ్చింది.

వెట్ సూటు తుంటి వద్ద బిగిసి, నడుము వద్ద వదులైతే ఆ ఖాళీలోకి చన్నీరు చేరి వణుకు పుడుతుంది. మాస్క్ అంచు కింద ఒక్క పాయ జుట్టు ఇరుక్కున్నా నీరు లోపలికి వస్తుంది. జడను కిందికి అల్లి ముడిచి, మాస్క్ పట్టీకి మెత్తని గుడ్డ తొడుగు వేసుకోవడం మంచిది. గొలుసులు ఒడ్డునే తీసి పెట్టాలి.

పడవలోనూ ఇబ్బందే

మన తీరంలో వాడే చిన్న ఫైబర్ బోట్లలో దుస్తులు మార్చుకునే చాటు ఉండదు, మరుగుదొడ్డి అసలే ఉండదు. దూరప్రయాణపు బస్సెక్కే ముందు మన ఆడవారు ఏం చేస్తారో ఇక్కడా అదే చేస్తారు. ఉదయం నుంచి నీళ్లు తాగడం మానేస్తారు. బస్సులో అది అవస్థ మాత్రమే, లోతు నీటిలో అపాయం. లోతున రక్తంలో కరిగిన నత్రజని పైకి వచ్చేటప్పుడు బుడగలుగా మారి కలిగించే డీకంప్రెషన్ వ్యాధికి ఒంట్లో నీరు తగ్గడం కూడా దోహదపడుతుందని వైద్యులు భావిస్తారు. ఒక తెర, మూత ఉన్న చిన్న మరుగుదొడ్డి అమర్చడం పడవ యజమానులకు పెద్ద ఖర్చు కాబోదు.

నిచ్చెనది మరో సమస్య. అది నీటి మట్టం వద్దే ఆగిపోతే కాలు మోపే చోటు ఉండదు, చేతుల బలంతోనే పైకి లాక్కోవాలి. కనీసం రెండు మెట్లు నీటిలోకి దిగి, పట్టుకునే కడ్డీలు పడవ అంచుకు పైదాకా ఉండాలి. అంతకంటే సులువైన పద్ధతి, జాకెట్‌కు గాలి నింపి, సిలిండరుతో సహా నీటిలోనే విప్పి పడవలోని వారికి అందించడం. అలా అందుకోవడానికి పడవలో ఒకరు సిద్ధంగా ఉండాలి.

రుతుస్రావానికి సొరచేపలు వస్తాయన్న ప్రచారానికి ఆధారం లేదు. గర్భిణులు మాత్రం, పరికరాలు ఎంత చక్కగా అమరినా, డైవింగ్‌కు దిగరాదన్నది వైద్యుల, శిక్షణ సంస్థల స్పష్టమైన సలహా.

విశాఖలో గానీ మరెక్కడైనా గానీ డబ్బు చెల్లించే ముందే చిన్న సైజు జాకెట్లు, పొట్టి సిలిండర్లు ఉన్నాయో లేదో, పడవ ఎలాంటిదో అడిగి తెలుసుకోవాలి. జాకెట్‌ను ఒడ్డునే తొడుక్కుని, పూర్తిగా గాలి నింపించి, నిండుగా ఊపిరి పీల్చి చూడాలి. పక్కటెముకలు నొక్కుకుపోతే సైజు మార్చమనడానికి మొహమాటం అక్కరలేదు. వేరే సైజు లేదంటే ఆ రోజుకు నీటిలో దిగకపోవడమే మేలు.