లినక్స్‌లో సొంత అమరిక: షెల్, ఎడిటర్, చుక్క ఫైళ్లు

లినక్స్ టెర్మినల్‌లో టైపు చేసే ఆదేశాలను చదివి నడిపించే ప్రోగ్రామును షెల్ అంటారు. చాలా లినక్స్ పంపిణీల్లో ముందుగానే ఉండే షెల్ బాష్. గ్నూ ప్రాజెక్టు కోసం బ్రయాన్ ఫాక్స్ రాసిన బాష్ 1989లో విడుదలైంది. 1990లో పాల్ ఫాల్‌స్టాడ్ రాసిన జెడ్ షెల్‌నూ చాలామంది వాడతారు.

బాష్‌ను ఎవరికి వారు మార్చుకోవడానికి హోమ్ ఫోల్డర్‌లో '.బాష్‌ఆర్‌సీ' అనే ఫైలు ఉంటుంది. పేరు చుక్కతో మొదలయ్యే ఫైళ్లను 'ఎల్ఎస్' ఆదేశం మామూలుగా చూపదు. '-ఎ' జోడించి అడగాలి. ఇలాంటి అమరిక ఫైళ్లను డాట్‌ఫైళ్లు అంటారు. ఇవన్నీ మామూలు అక్షరాల ఫైళ్లే కాబట్టి ఏ ఎడిటర్‌లోనైనా తెరిచి చదవవచ్చు, దిద్దవచ్చు, వేరే కంప్యూటర్‌కు పట్టుకెళ్లవచ్చు.

'.బాష్‌ఆర్‌సీ'లో ముందుగా రాసుకునేవి అలియాస్‌లు, అంటే పొడవైన ఆదేశాలకు పొట్టి పేర్లు. ఫైళ్ల మార్పుల చరిత్రను దాచే గిట్ ప్రోగ్రాములోని 'గిట్ స్టేటస్' బదులు 'జీఎస్' అని పెట్టుకునేవారు చాలామంది. అయితే ఘోస్ట్‌స్క్రిప్ట్ ప్రోగ్రాము ఆదేశం కూడా 'జీఎస్' అనే. ఒకే పేరుంటే షెల్ అలియాస్‌కే పెద్దపీట వేస్తుంది. అందుకే పేరు పెట్టేముందు అది ఖాళీగా ఉందో లేదో చూసుకోవాలి. 'పాత్' అనే వేరియబుల్‌తో మరింత జాగ్రత్త అవసరం. ప్రోగ్రాముల కోసం ఏ ఫోల్డర్లు వెతకాలో షెల్‌కు చెప్పే వరుస అది. కొత్త ఫోల్డరు చేర్చబోయి పాత వరుసను చెరిపేస్తే 'ఎల్ఎస్' కూడా దొరకదు. బాష్ మామూలుగా చివరి 500 ఆదేశాలను గుర్తుంచుకుంటుంది. ఆ సంఖ్యను పెంచుకుంటే, కంట్రోల్-ఆర్ నొక్కి చాలా పాత ఆదేశాన్నైనా వెతికి పట్టుకోవచ్చు.

ఎడిటర్ల విషయానికొస్తే, విమ్ అనే ఎడిటర్‌కు మూలం వీఐ. బిల్ జాయ్ 1976లో బర్క్‌లీలో దాన్ని రాశారు. ఆయన వాడిన ఏడీఎం-3ఎ టెర్మినల్‌లో బాణం గుర్తులు హెచ్, జే, కే, ఎల్ మీటల మీదే ఉండేవి. విమ్‌లో నేటికీ ఆ మీటలతో కర్సర్‌ను కదపవచ్చు. బ్రామ్ మూలెనార్ 1991లో విమ్‌ను విడుదల చేశారు. వరుస సంఖ్యలు, ట్యాబ్ వెడల్పు, సొంత మీటల కలయికలు '.విమ్‌ఆర్‌సీ'లో రాసుకోవాలి. 2014లో మొదలైన నియోవిమ్‌లో ఇదే పని లువా భాషలోనూ చేయవచ్చు.

కోడ్‌లో తప్పులు పట్టడం, పేర్లు పూరించడం వంటి సాయాన్ని ఒకప్పుడు ప్రతి ఎడిటరూ ప్రతి భాషకూ విడివిడిగా సమకూర్చుకోవాల్సి వచ్చేది. మైక్రోసాఫ్ట్ 2016లో ప్రకటించిన లాంగ్వేజ్ సర్వర్ ప్రోటోకాల్‌తో ఆ అవసరం తగ్గింది. ఒక భాషకు ఒక సర్వర్ ఉంటే ఎడిటర్లన్నీ దాన్నే వాడుకోగలవు.

దూరంలోని సర్వర్‌పై పనిచేసేవారికి టీమక్స్ అనే ప్రోగ్రాము ఉపయోగపడుతుంది. నెట్ తెగినా అందులో నడుస్తున్న పని సర్వర్‌లో కొనసాగుతుంది. మళ్లీ కలిసి, ఆగినచోటు నుంచి అందుకోవచ్చు.

తెలుగు రాసేవారికి టెర్మినల్‌లో ఒక చిక్కుంది. టెర్మినల్ తెరను సమాన గళ్లుగా విడగొడుతుంది. గుణింతాలు, ఒత్తులు ఆ గళ్లలో ఇమడక చాలా టెర్మినళ్లలో అక్షరాలు విరిగి కనిపిస్తాయి. ఈమాక్స్ వంటి ఎడిటర్‌ను దాని సొంత గ్రాఫికల్ విండోలో తెరిస్తే ఈ ఇబ్బంది తగ్గుతుంది.

డాట్‌ఫైళ్లన్నిటినీ ఒక ఫోల్డరులో పెట్టి గిట్‌తో భద్రపరిస్తే ప్రతి మార్పుకూ చరిత్ర ఉంటుంది. గ్నూ స్టో అనే ప్రోగ్రాము ఆ ఫోల్డరు నుంచి హోమ్‌కు లంకెలు వేస్తుంది. పాస్‌వర్డులు, రహస్య తాళాలు మాత్రం అందులో చేర్చకూడదు. తర్వాత తొలగించినా గిట్ చరిత్రలో మిగిలిపోతాయి. మార్పు వికటించి షెల్ సరిగా నడవకపోతే, బాష్‌ను '--నోఆర్‌సీ' అన్న మాటతో మొదలుపెట్టాలి. అప్పుడది '.బాష్‌ఆర్‌సీ'ని చదవకుండానే తెరుచుకుంటుంది. ఒక్కో మార్పు చేసి చూసుకుంటూ వెళితే తప్పు ఏ వరుసలో ఉందో త్వరగా తేలుతుంది.