షష్ఠినాడే వేసుకోవాల్సిన బండ లెక్క

అత్తిలి: సార్వా కోతలు ఒక కొలిక్కి వచ్చే వేళకు మార్గశిర శుద్ధ షష్ఠి వస్తుంది. సుబ్రహ్మణ్యేశ్వరస్వామి తీర్థానికి చుట్టుపక్కల ఊళ్ల జనం అత్తిలి చేరతారు. ధాన్యం ధర, దాళ్వా నీళ్ల సంగతి అయ్యాక మాట పండుగ పందేల మీదకు మళ్లడం సహజం. మన వైపు కోళ్ల హడావుడి ముందు ఎడ్ల ఊసు కొంచెం వెనకబడుతుంది. అయినా గిత్తలంటే ప్రాణం పెట్టే వారికి అసలు కాలం ఇక్కడే మొదలవుతుంది. సంక్రాంతికి కృష్ణా, గుంటూరు వైపు బండలాగుడు పోటీలు ఊపందుకుంటే, మహాశివరాత్రి, ఉగాది, శ్రీరామనవమి తిరునాళ్ల వరకు ఒకదాని వెంట ఒకటి వస్తూనే ఉంటాయి. అన్నిటికీ వెళ్లాలనే ఉంటుంది. అన్నిటికీ వెళితే మాత్రం జత మిగలదు.

పూర్వం ఈ లెక్క ఎవరూ వేసుకోలేదు, అవసరమూ రాలేదు. తొలకరిలో దమ్ము, కోతల తరువాత కళ్లం, ఆపైన ధాన్యం బండి. పండుగ నాటికి ఎద్దు ఒళ్లు దానంతట అదే గట్టిపడేది. ఇప్పుడు దమ్ము ట్రాక్టరు చేస్తోంది, కోత మిషను కోస్తోంది. మక్కువ కొద్దీ మేపుతున్న గిత్తలు మకాంలో నిలబడి ఉలవలు, తవుడు, తెలగపిండి తిని నిగనిగలాడుతుంటాయి. చూపులకు ఏనుగుల్లా ఉంటాయి. ఆ నునుపు చూసి బలమనుకుని, పండుగకు పది రోజుల ముందు బండకు కడితే పోయేవి వాటి కాళ్లే. ఒకసారి నరం పట్టేసిన గిత్త మళ్లీ మునుపటిలా అడుగు వేయడం అరుదు. డబ్బు పోయినా సంపాదించుకోవచ్చు గాని, బిడ్డలా పెంచిన పశువు కుంటుతుంటే చూడలేం.

అందుకే ఈ ఏడాది మన జత ఎక్కడ నిలబడాలో ముందే తేల్చుకోవాలి. దానికి మొదట చూడాల్సింది నోరు. పాలపళ్లు, రెండు పళ్లు, నాలుగు పళ్లు, ఆరు పళ్లు, ఆపైన సబ్ జూనియర్లు, జూనియర్లు, సీనియర్లు అంటూ విభాగాలు పెడతారు. గిత్తకు మొదటి జత పాలపళ్లు సుమారు రెండున్నరేళ్లకు ఊడతాయి, ఎనిమిది పళ్లూ కలిసే సరికి అయిదేళ్లు దగ్గర పడతాయి. అంటే రెండు పళ్ల విభాగంలో ఒక జతకు దొరికేది ఇంచుమించు ఒక్క కాలమే. ఆ తొందరలోనే చాలామంది లేత గిత్తల్ని నలిపేస్తారు. ఆరు పళ్ల నాటికి మంచి జత కావాలనుకునే రైతు రెండు పళ్ల ఏడాదిని బరి అలవాటు చేయడానికే వదిలేయడం మేలు. జతలో ఒకదానికి ముందుగా పన్ను మారితే ఏ విభాగంలో తీసుకుంటారో పేరు ఇచ్చే ముందే అడగాలి. బండ బరువు, ఇచ్చే నిమిషాలు కూడా అన్ని చోట్లా ఒకటి కావు.

గుర్రాల వారి పద్ధతి

గుర్రప్పోటీల వారు ఈ విషయంలో మనకంటే జాగ్రత్తపరులు. ఒక పెద్ద పోటీని ఏడాది లక్ష్యంగా పెట్టుకుని, మిగతా చిన్నవాటిని దానికి మెట్లుగా వాడుకుంటారు. దూరపు స్వారీలో మరీ కట్టుదిట్టం. దారిలో అంచె అంచెకూ పశువైద్యులు ఉంటారు. నిర్ణీత సమయంలో గుర్రం గుండె వేగం నిమిషానికి 64కు దిగకపోయినా, నడకలో కుంటు కనిపించినా అక్కడికక్కడే పక్కన పెడతారు. అందరికంటే ముందొచ్చినా లాభం లేదు. కేరళ అమ్మాయి నిదా అంజుమ్ 2023లో ఫ్రాన్సులో జరిగిన యువ రౌతుల ప్రపంచ పోటీలో 120 కిలోమీటర్లు పూర్తి చేసి పేరు తెచ్చుకుంది. ఆమెకు దక్కిన గౌరవం పతకానికి కాదు, గుర్రాన్ని క్షేమంగా గమ్యం చేర్చినందుకు.

మన బరిలో అంచెల వైద్యుడు లేడు. ఆ పని రైతే చేసుకోవాలి. చేతి గడియారం చాలు. నీడలో విశ్రాంతిగా ఉన్న ఎద్దు నిమిషానికి 20 నుంచి 30 సార్లు ఊపిరి తీస్తుంది. డొక్క కదలిక చూస్తే లెక్క తెలుస్తుంది. సాధన అయ్యాక ఎంతసేపటికి మళ్లీ ఆ లెక్కకు వచ్చిందో పుస్తకంలో రాయాలి. వారం వారం ఆ సమయం తగ్గుతుంటే జత దారిలో పడినట్టు. పెరుగుతుంటే బరువు తగ్గించాలి, పోటీ తేదీ దగ్గర పడిందని మొండికి పోకూడదు.

షష్ఠికీ సంక్రాంతికీ నడుమ ఏడాదిని బట్టి నాలుగు నుంచి ఏడు వారాలే దొరుకుతాయి. అప్పటికే కాలువ గట్టు మీద రోజూ నడుస్తున్న జతకు ఆ గడువు సరిపోతుంది. మకాంలోనే ఉన్న జతకు చాలదు. దానికి శివరాత్రి పోటీ పెట్టుకుని వెనక్కి లెక్కించాలి. మొదటి రెండు మూడు వారాలు నడక, కాలువలో ఈత. తరువాత చిన్న బండ. పెద్ద బండ వారానికి రెండుసార్లకు మించవద్దు, చివరి వారం ఒట్టి నడకే. దాణా ఒక్కసారిగా పెంచితే అజీర్తి చేసి పది రోజుల శ్రమ బూడిదవుతుంది. గాలికుంటు టీకా పోటీకి కనీసం మూడు వారాల ముందే వేయించాలి. వందల పశువులు చేరే చోటికి టీకా లేని జతను తోలుకెళ్లడం పక్కవాడి పశువుకూ అన్యాయమే. తిరిగొచ్చాక కొన్నాళ్లు మిగతా పశువులకు దూరంగా కట్టేయాలి.

లారీ మాట్లాడుకునే ముందు పోటీకి అనుమతి ఉందో లేదో కనుక్కోవాలి. 2014 మే 7న సుప్రీంకోర్టు జల్లికట్టుతో పాటు ఎడ్లబండ్ల పందేలనూ కూడదంది. తమిళనాడు, కర్ణాటక, మహారాష్ట్ర చేసుకున్న చట్ట సవరణలను 2023 మే 18న రాజ్యాంగ ధర్మాసనం సమర్థించింది. కోర్టుల సంగతి అలా ఉంచితే, లాగుడు పశువుల కోసం 1965లో కేంద్రం చేసిన నిబంధనలు ములుకు దిగేసిన కర్ర వాడరాదంటున్నాయి. ఎండ 37 డిగ్రీల సెల్సియస్ దాటే చోట మధ్యాహ్నం 12 నుంచి 3 గంటల వరకు పశువుచేత బండి లాగించరాదు కూడా. శ్రీరామనవమి నాటికి మన ఎండలు ఎలా ఉంటాయో చెప్పనక్కర్లేదు. తెల్లవారుజామున జరిపే పోటీ అయితే సరే, మిట్టమధ్యాహ్నం వంతు వచ్చేదైతే పేరు వెనక్కి తీసుకోవాలి. నలుగురూ అలా తీసుకుంటే నిర్వాహకులే వేళ మారుస్తారు.

పుస్తకంలో ఇంకో పేజీ ఖర్చులకు ఉంచండి. లారీ బాడుగ, తోలేవారి కూలి, దాణా, నాడాలు, పశువైద్యుడి మందులు. ఆ పక్కన మొదటి బహుమతి ఎంతో రాసి చూసుకుంటే ఎన్ని పోటీలకు వెళ్లాలో ఇంట్లో ఆడవాళ్లే చెప్పేస్తారు. మూడు చాలు: ఒకటి అలవాటుకు, ఒకటి అసలుకు, ఒకటి జత బాగుంటే. ఆ మూడోదాని తేదీ పెన్సిలుతో రాసుకోవాలి.