మోటారుసైకిలును ట్రాలీపై పంపునపుడు

శ్రీకాకుళము, విజయనగరము జిల్లాలనుండి కొలువులకై కుటుంబములు విశాఖపట్టణమునకో, మఱింత దూరమునకో తరలునపుడు ఇంటిసామానుతోపాటు మోటారుసైకిలును ట్రాలీ నెక్కును. ఆవకాయ జాడీని గట్టించుటలో మీరు చూపు శ్రద్ధను దీనియెడ గూడ చూపవలెనని మా మనవి. 16వ జాతీయ రహదారిపై నది జాఱిపడినచో నష్టము మన సొమ్ముతో ఆగదు. వెనుక వచ్చువారి ప్రాణములకే ముప్పు.

ఉద్దానపు కొబ్బరిపీచు త్రాడు ఇంటిపనులకు మేలైనదే. కాని కుదుపులకది సాగి వదులగును. ఈ పనికి బిగింపుమర గల పాలియెస్టరు పట్టీలు తగినవి.

ముందుచక్రమును ట్రాలీ ముందుపలకకు ఆనించి, ఇరుప్రక్కల దిమ్మెలు పెట్టింపుడు. వాహనమును ప్రక్కస్టాండుపై వాల్పక నిటారుగ నిలిపి, నాలుగు మూలలకు నాలుగు పట్టీలు కట్టవలెను. ముందువి రెండును ముందునకు, వెనుకవి రెండును వెనుకకు లాగుచుండవలెను. అపుడే బ్రేకు వేసినను, వేగము హెచ్చినను వాహనము కదలదు. ముందుపట్టీలను హ్యాండిలు కొసలకు తగిలింపరాదు, అవి వంగిపోవును. ఫోర్కుల పైభాగమును కలుపు దిట్టమైన దిమ్మకు తగిలింపవలెను. ముందు స్ప్రింగులు సగము క్రుంగువఱకు బిగించిన చాలును. పూర్తిగ నణచినచో లోపలి నూనె సీళ్లు చెడవచ్చును. పట్టీ యినుపయంచునకు రాచుకొనుచోట పాతగుడ్డ చుట్టుడు.

పది కిలోమీటర్లు సాగినపిదప ట్రాలీ నాపి, వదులైన పట్టీలను మరల బిగింపుమని తోలువానికి చెప్పుట మఱవకుడు. రైలు పార్సెలులో పంపువారు పెట్రోలును ముందుగనే పూర్తిగ తీయింపవలెను.

కట్టు ముగిసినపిదప వాహనమును చేతితో గట్టిగ నూపి చూడుడు. ట్రాలీయు దానితోపాటు ఊగినచో కట్టు కుదిరినట్లే; వాహన మొక్కటియే ఊగినచో ట్రాలీని కదలనీయకుడు.